మక్కల టాంకీలో మా బామ్మర్ది

స్టార్చ్ ఫ్యాక్టరీలో పని చేశానంటే సూరత్‌లో మా తెలుగువాళ్లుండే డిండోలి కుర్రాళ్లు "ఆడ ఏం జేస్తరు కాకా?" అని అడుగుతారు. మక్కల నుంచి, అంటే మొక్కజొన్నల నుంచి, గంజి పిండి తీస్తామని చెబితే, "గంజి కోసం గంత పెద్ద ఫ్యాక్టరీనా!" అని నవ్వుతారు. వాళ్లు తొడుక్కున్న నూలు చొక్కా మగ్గమెక్కే ముందు ఆ పోగు మా గంజిలో మునిగి లేచిందనీ, పాండేసర అద్దకం మిల్లుల్లో బట్ట మీద పువ్వులు అద్దేటప్పుడు రంగు పక్కకు పారకుండా పట్టుకున్నదీ మా పిండేననీ చెబితే అప్పుడు కాస్త నవ్వు తగ్గిస్తారు.

మన పిల్లలు కొందరు ఇప్పుడు మగ్గాలు వదిలి ఇలాంటి ప్లాంట్లలో చేరుతున్నారు. వాళ్లు చదువుతారనే ఇది రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అక్కడక్కడా నా గొంతు పెరిగినట్టు అనిపిస్తే సర్దుకోండి.

మాది ఉత్తర తెలంగాణలో నేత కుటుంబం. మీసాలు సరిగా రాకముందే సూరత్ వచ్చి మగ్గాల మధ్య పడ్డాను. ఆ చప్పుడుకు కుడి చెవి సగం పోయాక, ఇక చాలనుకుని స్టార్చ్ ప్లాంటులో బస్తాలు మోసే పనికి కుదిరాను. మోసీ మోసీ చివరికి మక్కలు దించుకునే యార్డుకు సూపర్‌వైజర్‌నయ్యాను. లారీ వస్తుంది, మక్కలు గుంటలోకి జారతాయి, బకెట్ల గొలుసు వాటిని పైకెత్తి ఇనుప రేకు గోపురాల్లో పోస్తుంది. ఇంజినీర్లు వాటిని సైలోలంటారు. మేము టాంకీలంటాం. ఒక్కోటి నాలుగంతస్తుల ఇల్లంత ఎత్తు. టాంకీ అడుగున బెల్టు నడిపిస్తే మక్కలు కిందికి దిగి లోపలి నానబెట్టే తొట్లకు పోతాయి. అక్కడ వేడినీళ్లలో, గంధకం వాసనలో నాని, పొట్టు ఒకవైపు, మొలక ఒకవైపు, జిగురు ఒకవైపు, పిండి ఒకవైపు విడిపోతాయి. పొట్టు పశువులకు, మొలక నూనెకు, జిగురు కోళ్లకు, పిండి బట్టల మిల్లులకు. మనిషి నోటికి నేరుగా పోయేది ఏమీ ఉండదు.

మా అత్తగారి ఊళ్లోనూ అంతే. ఒకప్పుడు మక్కలంటే గట్క, పేలాలు, నిప్పుల మీద కాల్చిన కంకి. ఇప్పుడు ఊరంతా ఆ ఒక్క పంటే, ఒక్క గింజ ఎవరూ వండుకోరు. విత్తనం రంగు పూసి ప్యాకెట్లో వస్తుంది. ఈ యేటి గింజ పై ఏటికి విత్తనంగా పనికిరాదు, మళ్లీ ప్యాకెట్టే. ఏ మందు ఎప్పుడు కొట్టాలో దుకాణం వాడు చెబుతాడు. కోసేది మిషను, కొనేది ఎవరో. ఆ ఎవరో కొన్నది ఇంకెవరి చేతిలోంచో సూరత్ చేరి నా ముందు లారీలో నిలబడేది.

మా బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు, ఆ ఊరి మనిషే. నలభై దాటినవాడు. సగం ఏడాది ఊళ్లో మక్క వేసి, సగం ఏడాది ఇక్కడ నవాగామ్‌లో ఉంటూ మగ్గాల మీద పని చేసేవాడు. ఆ మగ్గాల షెడ్డు మూతపడింది. నా భార్య నా పళ్లెంలో అన్నం పెట్టినప్పుడల్లా అదే మాట.

"నా తమ్మునికి మీ కంపెనీల ఓ పని చూడరాదు? మక్కల పనే గద. వానికి రానిదా?"

"వానికి రానిది ఏముంది? అన్నీ వచ్చు. అదే నా బాధ" అన్నాను.

అయినా చేర్పించాను. చేర్పించక ఏం చేస్తాను, రోజూ అదే ఇంట్లో తినాలి కదా.

వాడి సంగతి ఎలా చెప్పను? పనిమంతుడు. ఇద్దరి పని ఒక్కడే చేస్తాడు. కానీ ఏ మాట చెప్పినా దానికి ఎదురుమాట సిద్ధంగా ఉంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోమంటే, "దుమ్ము నాకు కొత్తనా బావా?" అంటాడు. టాంకీలోకి దిగేటప్పుడు నడుముకు, భుజాలకు బెల్టు బిగించి పైన తాడు కట్టాలి. అది చూసి, "ఏంది గిది, ఎద్దుకు గట్టినట్టు! నేను మక్కలల్ల పుట్టి మక్కలల్ల పెరిగిన. మక్కలు నన్నేం జేస్తయ్?" అన్నాడు. తోటి ఒరియా పనివాళ్లకు తెలుగు రాకపోయినా వాడి వాదన మాత్రం అర్థమయ్యేది. వాడు నోరు తెరిస్తే చాలు, నవ్వడానికి తయారుగా ఉండేవారు.

ఇక ఆ యేడు సంగతి. పెట్రోలులో కలిపే స్పిరిట్‌ను మక్కల నుంచి తీసే ఫ్యాక్టరీలు ఎక్కడ చూసినా లేచాయి. కోళ్ల దాణా వాళ్లు ఎప్పుడూ ఉన్నవాళ్లే. అందరూ ఒకే పంట మీద పడ్డారు. పైగా కోతల వేళ వానలు. మాకు మక్కలు దొరకడమే గగనమైంది. కొనుగోళ్లు చూసే ఆఫీసరు ఏది దొరికితే అది తీసుకోమన్నాడు. లారీలో చెయ్యి పెడితే గింజ వెచ్చగా, చెమట పట్టిన అరచెయ్యిలా తగిలేది. పుల్లటి వాసన. తడి గింజను టాంకీలో పోస్తే లోపల వేడెక్కి, బూజు పట్టి, గడ్డ కట్టేస్తుంది. పైన చూస్తే చదునైన నేలలాగే ఉంటుంది. కింద బెల్టు నడిస్తే దాని అడుగున ఉన్న మక్కలు జారిపోతాయి, గడ్డ మాత్రం పైకప్పులా నిలబడిపోతుంది. లోపల బోలు. ఇది తెలియని పిచ్చివాడెవరూ ఆ ప్లాంటులో లేడు.

నేను కొనుగోళ్ల ఆఫీసరుకు చెప్పాను. ఆయన తేమ కొలిచే గదివాళ్లు పాస్ చేశారు కదా అన్నాడు. గదివాళ్ల దగ్గరికి వెళితే, మాకు ఎంతవరకు పాస్ చేయమన్నారో అంతవరకే చేశాం అన్నారు. ఎవరన్నారు? పైనుంచి. ఆ పైన ఎవరున్నారో చూద్దామని మా ప్లాంటు మేనేజరు దగ్గరికి పోయాను. ఆయన గుజరాతీ, లావుపాటి మనిషి, మెట్లెక్కితే ఆయాసం. నా మాట పూర్తిగా విన్నాడు. "కాకా, నేనూ చెప్పాను. మన మిల్లు ఆపితే నిన్నూ నన్నూ ఇద్దరినీ ఇంటికి పంపుతారు" అన్నాడు. అంతటితో అయిపోయింది.

కాదు, ఒకటి జరిగింది. భద్రతా వారం అని వచ్చి యార్డు గోడ పొడవునా రేకు బోర్డులు బిగించారు. మనిషి ఎత్తు బోర్డులు. టాంకీలోకి ఎలా దిగాలి, ఎలా దిగకూడదు, బొమ్మలతో సహా. రాత మాత్రం గుజరాతీలో, ఇంగ్లీషులో. టాంకీలోకి దిగేవాళ్లేమో ఒరియా వాళ్లు, బిహారు వాళ్లు, మేము. ఒక్కడికీ ఆ రెండూ చదవడం రాదు. బొమ్మలోని మనిషి టోపీ మాత్రం బాగుందని మా బామ్మర్ది మెచ్చుకున్నాడు. ఆ వారంలోనే మమ్మల్నందరినీ భోజనాల గదిలో కూర్చోబెట్టి ఏదో విదేశీ వీడియో చూపించారు. ఫ్యాన్ కింద చల్లగా ఉంది. మేమంతా హాయిగా కునుకు తీశాం.

ఆ రోజు మధ్యాహ్నం రెండో టాంకీ నుంచి మక్కలు రావడం ఆగిపోయింది. కింద బెల్టు ఒట్టిదే తిరుగుతోంది. లోపల తొట్లు ఖాళీ అవుతున్నాయి. ప్రొడక్షన్ ఆఫీసు నుంచి ఫోను మీద ఫోను. కింది నుంచి ఇనుప చువ్వతో పొడిచాం. దగ్గినట్టు నాలుగు గింజలు రాలాయి, అంతే. టాంకీ నెత్తి మీది మూత తీసి, లోపలి నిచ్చెన మీదుగా దిగి వెదురుతో గడ్డను అంచు నుంచి కొంచెం కొంచెంగా విరవాలి. గడ్డ మీద నిలబడకూడదు, నిచ్చెన మీదే ఉండి పొడవాలి. నేను బెల్టు ఆపి, దాని స్విచ్ పెట్టెకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. బామ్మర్దినీ, ఒక ఒరియా పనివాణ్ణీ పైకి పొమ్మన్నాను.

"మూత దగ్గర నిలబడుండు. నేను నడుము బెల్టు, తాడు పట్టుకొని వస్త. అందాక లోపలికి తొంగి గూడ సూడకు. ఇన్నవా?"

"ఇన్న బావా, ఇన్న. నేనేమన్న చిన్న పోరన్నా?"

ఆ నాలుగంతస్తుల ఇనుప మెట్లు నేను ఎక్కేలోపు వాడు లోపలికి దిగాడు. పైన ఒరియా పనివాడు మూత పక్కన నిలబడి, నన్ను చూసి చేతులు తిప్పాడు, నేను చెప్పినా వినలేదన్నట్టు. నేను మూతలోంచి తల పెట్టి చూశాను. వాడు నిచ్చెన వదిలి, నడి గడ్డ మీద నిలబడి, రెండు చేతులా వెదురు ఎత్తి ఉన్నాడు.

"ఎక్కు! పైకెక్కురా!"

"ఒక్క పోటు బావా. ఒక్క పోటుకు పడతది."

పొడిచాడు. గడ్డ పడింది. దాంతోపాటు వాడూ పడ్డాడు.

చప్పుడు పెద్దగా లేదు. బస్తా కుమ్మరించినట్టు సర్ మని ఒక చప్పుడు, దుమ్ము. దుమ్ము తగ్గేసరికి వాడు నడుము దాకా మక్కల్లో ఉన్నాడు. కోపంగా నా వైపు చూశాడు, నేనే తోసినట్టు. కాలు పీకబోయాడు. ఆ కదలికకు గోడల వెంట ఉన్న మక్కలు జారి వచ్చి పొట్ట దాకా, ఆ పైన చంకల దాకా కప్పేశాయి. వెదురు అదృష్టవశాత్తు అడ్డంగా పడింది. ఎడమ చెయ్యి దాని మీద వేలాడేసుకున్నాడు. కుడి చెయ్యి మక్కల్లోనే ఉండిపోయింది.

నా కేకలకు ఇంకో ఇద్దరు పైకి పరిగెత్తుకొచ్చారు. నేను నడుము బెల్టు తొడుక్కుని, పైన తాడు కట్టించుకుని, వాళ్లు తెచ్చిన రెండు చెక్కలు పట్టుకుని దిగాను. మక్కల మీద చెక్కలు పరిచి, వాటి మీద బోర్లా పడుకుంటే వాడి మొహం నా మొహానికి మూరెడు దూరంలో ఉంది. వాడి చంకల కింద తాడు తోసి, పైనున్న ముగ్గురిని లాగమన్నాను. లాగారు. వాడు పెట్టిన కేక ఇప్పటికీ నా మంచి చెవిలో ఉంది. మనిషి అంగుళం కూడా లేవలేదు. మక్కలు నీళ్లలాగా మనిషిని లోపలికి రానిస్తాయి, సిమెంటులాగా పట్టుకుంటాయి.

"ఖీంచో మత్! లాగకండి, చెయ్యి ఊడొస్తుంది!" అని పైనుంచి కేక. తలెత్తి చూస్తే మూతలో మా మేనేజరు మొహం, చెమటతో తడిసిపోయి. ఆ మనిషి ఆ మెట్లన్నీ ఎలా ఎక్కాడో నాకు తెలియదు. ప్లాంటులో చేరినప్పటి నుంచి ఆయన టాంకీ మీదికి రావడం నేను చూడలేదు.

అప్పుడే కింది నుంచి ఇంకో కేక. ప్రొడక్షన్ ఆఫీసులో ఎవరికో ఉపాయం తట్టింది. బెల్టు నడిపిస్తే మక్కలు కిందికి దిగిపోతాయి కదా, మనిషి తనంతట తానే బయటపడతాడు కదా అని. ఎలక్ట్రీషియన్ మెట్ల మధ్యలో నిలబడి అరుస్తున్నాడు. "కాకా, చాబీ ఫేకో! తాళంచెవి పడెయ్యి!"

మక్కలు కిందికి దిగితే నడిమధ్య నుంచి దిగుతాయి, గరాటులోంచి దిగినట్టు. ఆ నడిమధ్యలోనే వీడున్నాడు. బెల్టు తిరగడం మొదలుపెడితే వాడి తల మాయమవడానికి నేను నోరు తెరిచి అరిచేంత సేపు కూడా పట్టదు. నేను జేబు మీద చెయ్యి వేసుకుని పడుకున్నాను. మేనేజరు ఫోను మోగింది. ఆయన రెండు మాటలు విని, గుజరాతీలో చాలా మర్యాదగా, "మాణస్ అందర్ ఛే. మనిషి లోపలున్నాడు. తాళంచెవి ఇవ్వను" అని చెప్పి ఫోను ఆపేశాడు. తాళంచెవి ఆయన దగ్గర లేదు, నా దగ్గర ఉంది. అయినా ఆయన అలా అనడం నాకు చాలా ధైర్యమిచ్చింది.

తర్వాత ఆయన నన్ను అడిగాడు. "కాకా, ఆ రోజు వీడియోలో మనిషి చుట్టూ పలకలు దింపి, లోపలి గింజలు తోడేశారు. గుర్తుందా?"

గుర్తుంటే కదా. నేను నిద్రపోయాను. ఆయన మాత్రం చూసినట్టున్నాడు.

"పలకలు ఏడున్నయ్ సాబ్?"

ఆయన యార్డు వైపు వంగి, ఈ మనిషికి అంత గొంతుందా అని నేను ఆశ్చర్యపోయేలా అరిచాడు. "గోడ మీది బోర్డులు పీక్కురండి!"

అలా మా భద్రతా బోర్డులు చివరికి భద్రతకు పనికొచ్చాయి. ఫిట్టర్లు నట్లు విప్పడానికి కూడా ఆగలేదు, రాడ్లతో పెళ్లగించి తాళ్లతో పైకి లాగారు. ఫైర్ బ్రిగేడ్ గంట దూరంగా వినబడుతోంది, కానీ దగ్గరికి రావడం లేదు. ఎందుకంటే గేటు బయట రోడ్డు పొడవునా మా మక్కల లారీలే, డ్రైవర్లు భోజనాలకు పోయారు. నాకప్పుడు నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో చెప్పలేను.

ఒక్కో బోర్డూ వాడి చుట్టూ నిలబెట్టి, ఊపుతూ, మోకాలితో నొక్కుతూ మక్కల్లోకి దింపాలి. ఒరియా పనివాడు ఇంకో తాడు కట్టుకుని నాకు సాయంగా దిగాడు. ఇంత జరుగుతుంటే వీడు ఊరుకున్నాడా?

"బావా, గా బోర్డు వంకర వెడుతున్నవ్."

"సప్పుడు జెయ్యకు."

"గీ మక్కలు మన దిక్కువి గావు బావా. మన దిక్కు మక్కలు గింత పచ్చిగుండయ్."

"మన దిక్కువేరా! లారీ నేనే దించుకున్న. మీ తాలూకా లారీనే!"

"ఎవడో కల్తీ జేసిండు."

వాడు మాట్లాడినప్పుడల్లా ఊపిరి వదులుతున్నాడు. ఊపిరి వదిలి రొమ్ము తగ్గినప్పుడల్లా మక్కలు ఆ సందులోకి జారి ఇంకొంచెం బిగుస్తున్నాయి. మళ్లీ పీల్చడానికి చోటు ఉండటం లేదు. అది నా కళ్లముందే జరుగుతోంది.

"నీ కాళ్లు మొక్కుతరా, జరసేపు నోరు మూసుకో. ఒక్క మాట గూడ అనకు. ముక్కుతోని చిన్నచిన్నగ పీల్చు. మాట్లాడితే సస్తవ్."

వాడు నోరు మూశాడు. నేను మూడో బోర్డు దింపాను. నాలుగోది రేకు మూల వంగిపోతే దాన్ని సరిచేసి దింపాను. పైనుంచి చిన్న బకెట్, మగ్గు వచ్చాయి. బోర్డుల నడుమ మక్కలు మగ్గుతో తోడి బకెట్లో పోస్తుంటే పైవాళ్లు లాగేసుకుంటున్నారు. తోడుతూ తోడుతూ ఉన్నట్టుండి నాకు తెలిసింది, వాడు నిజంగానే ఒక్క మాట అనడం లేదని. మొహం చూశాను. కళ్లు మూసి ఉన్నాయి. పెదవుల మీద పిండిలాంటి దుమ్ము, దాని కింద పెదవి రంగు బాగాలేదు. మాకు సంబంధం కలిసినప్పటి నుంచి వాడు నా ముందు ఇంతసేపు మాట్లాడకుండా ఉన్నది అదే మొదటిసారి.

"ఏమైందిరా? ఓ బామ్మర్దీ. మాట్లాడు. ఏదన్న ఒకటి అను."

వాడి చెంప మీద తట్టాను.

"మక్కలు మన దిక్కువి గావురా. నువ్వన్నదే నిజం. ఎవడో కల్తీ జేసిండు. మాట్లాడురా!"

ఒక కన్ను తెరిచాడు. చాలా నెమ్మదిగా, గాలి లేని గొంతుతో, "నువ్వే గద... సప్పుడు జెయ్యకన్నవ్" అన్నాడు.

మూతలోంచి మేనేజరు, "ఏమంటున్నాడు కాకా?" అని అడిగాడు. మగ్గు పారేసి రెండు చేతులతో తోడటం మొదలుపెట్టాను.

రొమ్ము బయటపడ్డాక వాడు ఒక పెద్ద ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి ఖర్చు పెట్టి అన్న మొదటి మాట, "అక్కకు చెప్పకు." నడుము బయటపడింది. తొడలు బయటపడ్డాయి. అప్పటికి ఇద్దరు ఫైర్ బ్రిగేడ్ వాళ్లు బండి రోడ్డు మీదే వదిలి, తాళ్లు భుజాన వేసుకుని నడుచుకుంటూ వచ్చి ఎక్కారు. చివరికి వాళ్లే లాగారు. కుడి మోకాలు లోపల ఎక్కడో తిరగబడింది. బూట్లు మక్కల్లోనే ఉండిపోయాయి.

ఆస్పత్రిలో డాక్టరు వాడి చెవుల్లోంచి, చొక్కాలోంచి గింజలు ఏరి పళ్లెంలో వేస్తుంటే నా భార్య వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు. ఏడుస్తుందేమో అనుకున్నాను. తమ్ముణ్ణి తల నుంచి కాళ్ల దాకా చూసి, నా వైపు తిరిగింది.

"నువ్వేడున్నవ్?"

నేను ఎక్కడున్నానో చెప్పేలోపు మంచం మీది నుంచి వాడు, "బావను ఏమనకక్కా. నేనన్నట్టే అయింది. ఒక్క పోటుకు పడతదన్న. పడ్డదా లేదా బావా?"

నేను లేచి వరండాలోకి పోయాను. అక్కడి కుళాయి తిప్పి తల దాని కింద పెట్టాను. ఇంత కష్టపడి తీసిన మనిషిని మళ్లీ అదే టాంకీలో పడేయాలనిపించడం తప్పే కావచ్చు. అనిపించింది, రాస్తున్నాను.

విచారణ అయింది. ఏసీ గదిలో కూర్చుని మనిషి పొరపాటు అని తేల్చారు. ఏ మనిషిదో రాయలేదు. మా బామ్మర్దిది కావచ్చు. వాడిది ఉంది, నేను కాదనను. కానీ తడి మక్కలు పాస్ చేసిన మనిషిది, పాస్ చేయమన్న మనిషిది, బెల్టు నడపమన్న మనిషిది ఏమైంది అని అడిగితే అందరూ మళ్లీ పైకే చూశారు.

రెండో టాంకీకి పక్క గోడలో ఉన్న తలుపు విప్పి అంతా బయటికి తీయించారు. అందుకోసం మిల్లు ఆగింది. ఎన్నడూ ఆపకూడదన్న మిల్లు ఆగితే ఆకాశమేమీ ఊడిపడలేదు. గడ్డలు పారలతో పగలగొడితే లోపల పచ్చగా, నల్లగా బూజు. కొనుగోళ్ల ఆఫీసరు వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాడు. "మాల్ తో ఖరాబ్ హై, సరుకు పాడైపోయింది" అన్నాడు, కొత్త సంగతి కనిపెట్టినట్టు. నేను పార అందుకుని ఇంకో గడ్డ పగలగొట్టాను. నోరు తెరిస్తే ఉద్యోగం పోయేలా అనేవాణ్ణి.

మరునాడు మేనేజరు ఎవరినీ అడగకుండా గేటు దగ్గర నిలబడి, తడిగా ఉన్న ఒక్క లారీ కూడా లోపలికి రాదన్నాడు. నాకు సంతోషమనిపించాలి. కానీ అనువాదం చేయాల్సింది నేను. వరసలో సగం మంది మన డ్రైవర్లే. ఒకాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, వాపసు ఏడికి తీస్కపోవాలె? రైతులు ఏం జేస్తరు, ఎండబెడుదామంటే వాన. రోడ్డు మీద పోస్తే పోలీసోడు తియ్యమంటడు. మిషన్ల కోసుడు, లారీల పోసుడు. ఆరబెట్టే జాగ ఎవ్వనికుంది?"

"నన్ను అడుగుతవేందన్నా? నేనేమన్న వాన కురిపించిన్నా?" అని అరిచాను. అరిచాక సిగ్గేసింది. ఆయన వయసులో నాకన్నా పెద్దవాడు.

డ్రైవర్లు కదలలేదు. గేటు ముందే వంట మొదలుపెట్టారు. సాయంత్రానికి మేనేజరు బయటికి వచ్చి, ఆ పొగను, వరసను, ఎండిన ఆకాశాన్ని చూశాడు. సూరత్‌లో అప్పుడు వానల్లేవు. లోపల లారీలు తిరిగే సిమెంటు యార్డు ఇంత పెద్దది, మిల్లు ఆగి ఖాళీగా పడి ఉంది. "పరవండి" అన్నాడు.

తాటిపత్రీలు, అదే టార్పాలిన్ పట్టాలు, పరిచి, లారీల కొద్దీ మక్కలు ఆ యార్డంతా పలచగా పోశాం. పిండి కోసం ఎన్నో మిషన్లు పెట్టుకున్న ప్లాంటులో మనుషులు పంచెలు ఎగ్గట్టి, పాదాలతో చాళ్లు తీస్తూ మక్కలు తిరగేస్తున్నారు. డ్రైవర్లు, ఒరియా వాళ్లు, మేము. కారులో వచ్చిన యజమాని అద్దం దించి, ఇదేమిటని అడిగాడు. మేనేజరు, "సుఖా రహే హై సాబ్, ఆరబెడుతున్నాం" అన్నాడు. యజమాని అద్దం ఎత్తేశాడు. మరుసటి ఏడు ఆరబెట్టే యంత్రం వచ్చింది. వచ్చిన నెలలోనే పాడైంది. అది వేరే చిరాకు, ఇప్పుడు వద్దు.

ఆ ఆరబోత రోజుల్లోనే మా బామ్మర్ది మోకాలికి కట్టుతో, చంకలో కర్రతో నన్ను చూడటానికి యార్డుకు వచ్చాడు. పని చేయొద్దని డాక్టరు చెప్పాడు, నోటికి మాత్రం ఏమీ చెప్పలేదు. అంచున నిలబడి డ్రైవర్ల మీద కేకలు వేశాడు. చాళ్లు దగ్గరగా తియ్యమన్నాడు, గాలి తగిలేటట్టు తిరగెయ్యమన్నాడు, మేము పుట్టి పెరిగిందే మక్కలల్ల అన్నాడు. వాళ్లకు వాడి కథ అప్పటికే తెలుసు, నవ్వుతూ విన్నారు.

నేను యార్డు అవతలి వైపు టీ గ్లాసులతో నిలబడి ఉన్నాను. "రారా, చాయ్ సల్లారుతది" అని పిలిచాను.

మా ఇద్దరి మధ్య యార్డు నిండా మక్కలు. చీలమండ కూడా మునగనంత పలచగా. అందరూ వాటి మీదే నడుస్తున్నారు. వాడు కర్ర ముందుకు వేశాడు. కర్ర కొన గింజల్లో దిగి కాస్త జారింది. వాడు ఆగాడు. కర్ర వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత, ఆ దెబ్బ తిన్న మోకాలితో, గోడ వెంట యార్డు మొత్తం చుట్టూ తిరిగి, కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

గ్లాసు అందుకుని, "చాయ్ సల్లారింది బావా" అన్నాడు.

"ఇంకోటి తెస్త" అన్నాను. వాడికేసి చూడకుండా వెళ్లి తెచ్చాను.